మా ఇంటి వెనక పొలం కౌన్సిల్ మ్యాప్‌లో ఎర్రగీతలోకి ఎలా వచ్చింది? తెలిసినవాళ్లు చెప్పండి

వాగుపక్కిల్లు:
అందరికీ నమస్కారం. మాది బెర్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరు, పేరు ఇక్కడ రాయను. 2019లో ఈ ఇల్లు కొన్నాం, నిజం చెప్పాలంటే వెనక పొలాన్ని చూసే కొన్నాం. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెనక కంచె దగ్గరే నిలబడతారు, మన పొలం గట్టు మీద ఉన్నట్టే ఉందమ్మా అంటారు. నిన్న మా లెటర్‌బాక్స్‌లో ఒక కరపత్రం పడింది, ఆ పొలంలో 140 ఇళ్లు వస్తున్నాయని. కౌన్సిల్ వెబ్‌సైట్ తెరిచి చూస్తే నిజంగానే పొలం చుట్టూ ఎర్రగీత, మధ్యలో ఒక నంబరు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. అసలు ఏ పొలంలో ఇళ్లు కట్టాలో కౌన్సిల్ ఎలా తేలుస్తుంది? ఎవరైనా డబ్బులు తిన్నారా అని కూడా అనుమానం వచ్చింది. రాత్రంతా టెన్షన్, నిద్ర లేదు.

ఎర్లీ_వెంకట్:
అక్కా, కంగారు పడకండి. ఎర్రగీత ఉందంటే ఇళ్లు వచ్చేసినట్టు కాదు. ఆ భూమి ఓనరు ఫారం పంపి ఉంటాడు, అంతే అయ్యుండొచ్చు. ఇక్కడ పద్మ గారు ఈ పనిలోనే ఉన్నారు, ఆవిడ చూస్తే వివరంగా చెప్తారు.

అద్దెఇల్లు_అనిల్:
నాది వేరే మాట, ఏమీ అనుకోకండి. ఎనిమిదేళ్లుగా అద్దె కడుతున్నాం, ఇద్దరు పిల్లలు, రెండు బెడ్‌రూములు, ప్రతి రెన్యువల్‌కీ అద్దె పెరగడమే. మా ఇద్దరి జీతాలు కలిపినా ఈ ఏరియాలో సెమీ (ఒక గోడ పక్కింటితో కలిసిన ఇల్లు) కొనలేకపోతున్నాం. ప్రతి పొలం వెనకా ఎవరో ఒకరి కిటికీ ఉంటుంది. మరి మేం ఎక్కడ ఉండాలి?

వాగుపక్కిల్లు:
అనిల్ గారూ, మీ మాట కాదనను. మేమూ ఆరేళ్లు అద్దెకున్నవాళ్లమే. ఇళ్లు వద్దనడం లేదు, ఈ పొలమే ఎందుకు, ఎవరు చూశారు, ఏం చూశారు, అదే నా ప్రశ్న. ఆ పొలం కింద వాగు ఉంది, జనవరిలో నీళ్లు మా కంచె దాకా వస్తాయి.

ప్లానింగ్_పద్మ:
ఇప్పుడే చూశాను. నేను వేరే కౌంటీలో ఒక కౌన్సిల్‌లో ప్లానింగ్ పాలసీ టీములో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, ఇంగ్లండ్ వరకే చెప్తాను, స్కాట్లాండ్, వేల్స్ పద్ధతులు వేరు.

ముందు అందరూ పొరబడే విషయం. కౌన్సిల్ మ్యాప్ ముందు పెట్టుకుని ఇక్కడ కడదాం అని పొలాలు ఏరుకోదు, చాలా వరకు భూమి వచ్చి మా తలుపు తడుతుంది. లోకల్ ప్లాన్, అంటే ఏ భూమిలో ఏం కట్టొచ్చో చెప్పే కౌన్సిల్ ప్రణాళిక, కొత్తగా రాసే ముందు 'కాల్ ఫర్ సైట్స్' అని ప్రకటన ఇస్తాం: మీ భూమి ఇళ్లకి ఇవ్వాలనుకుంటే ఈ ఫారం నింపి, హద్దులు ఎర్రగీతతో గీసి పంపండి అని. రైతులు, చర్చిలు, బిల్డర్లు, మూతబడ్డ ఫ్యాక్టరీల ఓనర్లు, ల్యాండ్ ప్రమోటర్లు అందరూ పంపుతారు. అక్కా, మీరు చూసిన ఎర్రగీత దాదాపు ఖాయంగా అదే, ఓనరు పంపిన గీత, కౌన్సిల్ గీసింది కాదు.

అలా వచ్చినవాటికి మేమూ కొన్ని కలుపుతాం. కౌన్సిల్ సొంత కార్ పార్కులు, వాడని గరాజ్ బ్లాకులు, పాత డిపోలు, గతంలో పర్మిషన్ వచ్చి కట్టకుండా వదిలేసినవి, రిజెక్ట్ అయినవి, 2017 నుంచి ప్రతి కౌన్సిల్ తప్పనిసరిగా పెట్టాల్సిన బ్రౌన్‌ఫీల్డ్ (ఇదివరకే కట్టడాలున్న భూమి) రిజిస్టర్‌లో ఉన్నవి. సాధారణంగా అయిదు ఇళ్లు కానీ పావు హెక్టారు కానీ దాటినవే చూస్తాం. ఇవన్నీ కలిపి చేసే జల్లెడనే భూమి లభ్యత అంచనా అంటాం, ఆఫీసులో 'ష్లా' అనో 'హెలా' అనో పిలుస్తాం.

ఆ జల్లెడలో ప్రతి సైటుకీ మూడు ప్రశ్నలు. అనువైనదా, అంటే వరద, రోడ్డు, బస్సు, స్కూలు, చెట్లు, పాత కట్టడాలు. అందుబాటులో ఉందా, అంటే ఓనరు నిజంగా అమ్ముతాడా. కట్టగలరా, అంటే అక్కడ కడితే గిట్టుబాటు అవుతుందా, ఏ సంవత్సరానికి అవుతుంది. జనం మొదటి ప్రశ్న గురించే మాట్లాడతారు కానీ నా అనుభవంలో ఎక్కువ తలనొప్పి రెండోదే. ఒకసారి స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉన్న పొలం, ఏ వంకా లేదు, తీరా చూస్తే ముగ్గురు అన్నదమ్ముల పేర్ల మీద ఉంది, ఒకాయన సంతకం పెట్టనన్నాడు. అది పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇంకోచోట రోడ్డుకీ పొలానికీ మధ్య మూరెడు భూమి వేరేవాళ్లది, దాన్ని రాన్సమ్ స్ట్రిప్ అంటారు, వాడు ఒప్పుకోకపోతే దారే లేదు.

డబ్బు తినడం గురించి అడిగారు. ఆ మాట ఆధారం లేకుండా రాయకండి, ముఖ్యంగా మీ అభ్యంతరంలో. ప్రతి సైటుకీ ఎందుకు ఉంచాం, ఎందుకు తీసేశాం అని ఒక పేజీ ఉంటుంది, అది బయటే పెడతారు. అది చదవండి ముందు.

ఎర్లీ_వెంకట్:
మా పక్క జరిగిన కథ చెప్తాను, ఇదంతా వోకింగ్‌హామ్ బరో కౌన్సిల్ పబ్లిక్ కాగితాల్లో ఉన్నదే. 2020 మొదట్లో వచ్చిన డ్రాఫ్ట్ ప్లాన్‌లో రెడింగ్‌కి దక్షిణంగా గ్రేజ్‌లీ దగ్గర ఏకంగా 15,000 ఇళ్ల గార్డెన్ టౌన్ అన్నారు. అక్కడికి దగ్గర్లోనే బర్గ్‌ఫీల్డ్ అణ్వాయుధాల ఫ్యాక్టరీ ఉంది. 2019లో రేడియేషన్ ఎమర్జెన్సీ నిబంధనలు మారాయి, 2020లో ఆ ఫ్యాక్టరీ చుట్టూ అత్యవసర జోన్ పెంచారు, గ్రేజ్‌లీ అందులో పడింది. మొత్తం పోయింది. ఏళ్ల తరబడి చేసిన పని. అప్పుడు మళ్లీ వెతికి 2021లో లోడన్ లోయలో హాల్ ఫామ్ వైపు తిరిగారు, అక్కడ భూమిలో పెద్ద భాగం రెడింగ్ యూనివర్సిటీది. సుమారు నాలుగు వేల ఇళ్లు. ఇప్పుడు అక్కడివాళ్ల గోడు కూడా వరద గురించే.

అంటే ఒక చోట తీసేస్తే ఆ ఇళ్లు మాయం కావు, ఇంకోచోటికి జరుగుతాయి. మా లోయర్ ఎర్లీ కూడా 1970లలో పొలాలే కదా. ఆర్బర్‌ఫీల్డ్ మాత్రం నాకు నచ్చింది, పాత ఆర్మీ గారిసన్ స్థలంలో 3,500 ఇళ్లు అనుకున్నారు, స్కూలు 2016లోనే తెరిచారు, మనవాళ్లు చాలామంది ఉన్నారు అక్కడ.

కొత్తసభ్యుడు_22:
పాత ఆర్మీ స్థలాలు, ఫ్యాక్టరీలు ఉండగా పొలాలు ఎందుకు ముట్టుకోవాలి? ముందు బ్రౌన్‌ఫీల్డ్ అన్నీ అయ్యాకే పొలం అని రూలు పెట్టొచ్చు కదా.

ప్లానింగ్_పద్మ:
బ్రౌన్‌ఫీల్డ్‌కి ప్రాధాన్యం రూల్స్‌లోనే ఉంది తమ్ముడూ, కానీ చాలదు. లెక్క చెప్తాను. 2024 డిసెంబరులో జాతీయ ప్లానింగ్ విధానం మార్చినప్పుడు ప్రతి కౌన్సిల్‌కీ ఇళ్ల సంఖ్య తేల్చే కొత్త సూత్రం పెట్టారు. ఇప్పుడున్న ఇళ్లలో 0.8 శాతం మొదటి మెట్టు. ఆ పైన, మీ ఊళ్లో ఇళ్ల ధర సగటు జీతానికి ఎన్ని రెట్లు ఉందో చూసి, అయిదు రెట్లు దాటితే పెంచుతారు. ఊహకి ఒక కౌన్సిల్ తీసుకోండి, 70,000 ఇళ్లు ఉన్నాయి, 0.8 శాతం అంటే ఏడాదికి 560. అక్కడ ధర జీతానికి పది రెట్లు ఉంటే ఆ 560 కాస్తా 1,092 అవుతుంది. ప్లాన్ ఆమోదం పొందాక కనీసం పదిహేనేళ్లు చూపాలి, అంటే 16 వేల పైచిలుకు ఇళ్లు. అందులో ఇప్పటికే పర్మిషన్ ఉన్నవి తీసేయండి, చిన్నాచితకా వాటంతటవి వచ్చేవి, మేం విండ్‌ఫాల్ అంటాం, అవీ తీసేయండి. మిగిలిన సంఖ్యకి భూమి చూపాలి. లండన్, మాంచెస్టర్‌లో అయితే పాత ఫ్యాక్టరీలు, రైల్వే యార్డులు ఉంటాయి. పల్లెలూ చిన్న పట్టణాలూ ఉన్న కౌన్సిల్‌లో ఎన్ని ఉంటాయి? అన్నీ కలిపినా ఒక మూల.

ఇంకోటి, ఇళ్ల వెనక గార్డెన్లు బ్రౌన్‌ఫీల్డ్ లెక్కలోకి రావు, 2010లో ఆ నిర్వచనంలోంచి తీసేశారు.

తెనాలి_టు_థేమ్స్:
గార్డెన్ అంటే గుర్తొచ్చింది. మాది కార్నర్ ప్లాట్, వెనక చాలా జాగా ఉంది. ఈ కాల్ ఫర్ సైట్స్‌కి నేనూ పంపొచ్చా?

ప్లానింగ్_పద్మ:
ఒక్క ఇల్లు పట్టే జాగా అయితే ఆ దారి కాదండీ, నేరుగా ప్లానింగ్ అప్లికేషనే. ముందు డబ్బు కట్టి ప్రీ-యాప్ సలహా, అంటే అప్లికేషన్ పెట్టేముందు కౌన్సిల్ ఇచ్చే సలహా, తీసుకోండి. సొంతంగా ఇల్లు కట్టుకోవాలని ఉంటే సెల్ఫ్-బిల్డ్ రిజిస్టర్‌లో పేరు రాయించుకోండి, 2015 చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్‌లోనూ ఉంటుంది.

తెనాలి_టు_థేమ్స్:
థాంక్స్ మేడమ్. దీని పక్కనే ఒక విషయం మనవాళ్లందరికీ చెప్పాలి, నా మనసులో చాలా కాలంగా ఉంది. మాకు బాగా కావలసిన ఒకాయన, ఇండియాలో వెంచర్లు చూసి చూసి ఉన్నవాడు, ఇక్కడ ఒక కంపెనీ దగ్గర గ్రీన్ బెల్ట్, అంటే పట్టణాల చుట్టూ కట్టడాలు పాకకుండా కాపాడే భూమి, అందులోని ఒక పొలంలో 'ప్లాట్' కొన్నాడు. ఒక హోటల్‌లో మీటింగ్ పెట్టి, బ్రోచర్ ఇచ్చి, త్వరలో లోకల్ ప్లాన్‌లోకి వస్తుంది, పది రెట్లు అవుతుంది అన్నారు. పొలాన్ని ముక్కలు చేసి గీతలు గీసి అమ్మారు, అచ్చం మన ఊళ్లో లేఅవుట్ లాగే. ఆయనకి భూమి అంటే భూమే, రిజిస్ట్రేషన్ అయింది, ల్యాండ్ రిజిస్ట్రీలో పేరు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాడు. ఇప్పటికి పన్నెండేళ్లు. గడ్డి తప్ప ఏమీ లేదు. కంపెనీ ఫోను పనిచేయదు. కూతురి చదువు కోసం దాచిన డబ్బు అది. ఆ కుటుంబం దగ్గర కూర్చుని ఆ కాగితాలు చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ప్లానింగ్_పద్మ:
ఇది చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ. ఇక్కడ భూమి మీద హక్కు వేరు, కట్టే హక్కు వేరు. 1947 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంతో కట్టే హక్కు ప్రభుత్వం చేతికి వెళ్లింది. భూమి మీదే, ఇల్లు కట్టాలంటే పర్మిషన్ కావాలి, ఫీజు కట్టినంత మాత్రాన తర్వాత క్రమబద్ధం అయిపోదు. అలా ముక్కలైన పొలం మాకు జల్లెడలో రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది, మూడు వందల మంది ఓనర్లు మూడు దేశాల్లో ఉంటే అందుబాటులో ఉందని ఎలా రాస్తాం? కొన్ని కౌన్సిళ్లు ఆ ముక్కల చుట్టూ కంచె కూడా వేయకుండా ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చాయి. ఇలా ముక్కలు చేసి అమ్మే స్కీముల మీద 2016లో ఇక్కడి సుప్రీం కోర్టు దాకా కేసు వెళ్లింది, అనుమతి లేకుండా నడిపిన పెట్టుబడి స్కీమే అని తీర్పు వచ్చింది. ఎవరైనా 'త్వరలో లోకల్ ప్లాన్‌లోకి' అని భూమి అమ్మజూపితే, ఆ సైటు నంబరు అడగండి, కౌన్సిల్ అంచనాలో ఆ పేజీ మీరే చదవండి.

నిజంగా ప్లాన్‌లోకి వచ్చే భూముల్లో వ్యవహారం వేరేలా నడుస్తుంది. బిల్డరో ప్రమోటరో రైతుతో ఏళ్లకి ముందే ఆప్షన్ ఒప్పందం రాసుకుంటాడు, పర్మిషన్ వస్తే ఇంతకి కొంటాను అని. ఎకరం పది వేల పౌండ్ల ప్రాంతంలో ఉండే వ్యవసాయ భూమి పర్మిషన్ వస్తే లక్షల్లోకి వెళ్తుంది. అందుకే అంత ఖర్చు పెట్టి రిపోర్టులు రాయిస్తారు.

మిల్టన్‌కీన్స్_మాధవి:
మా ఊరు మొత్తం ఇంకో పద్ధతిలో వచ్చింది. 1967లో ప్రభుత్వమే కొత్త పట్టణం అని ప్రకటించి, డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టి, భూమి కొని, ముందు రోడ్లు, చెట్లు, సైకిల్ దారులు గీసి తర్వాత ఇళ్లు కట్టారు. పెరిగిన విలువ ఊరికే తిరిగొచ్చింది. పొలం పొలంగా 140 ఇళ్లు అంటించుకుంటూ పోవడం కన్నా అదే నయం అని నా అభిప్రాయం. 2025 సెప్టెంబరులో కొత్త పట్టణాల కోసం 12 చోట్లు సూచించారు కదా, టెంప్స్‌ఫర్డ్ లాంటివి. మా నాన్నగారిది తుళ్లూరు దగ్గర, 2015లో ల్యాండ్ పూలింగ్‌కి మెట్ట భూమి ఇచ్చారు, ఎకరానికి వెయ్యి గజాలు ఇంటి స్థలం, 250 గజాలు కమర్షియల్ అని. అక్కడ రైతు భూమి ఇచ్చి ఊరు వచ్చేదాకా ఎదురుచూశాడు, ఆయన ఎదురుచూపు నేను కళ్లారా చూశాను. ఇక్కడ రైతు పర్మిషన్ వచ్చేదాకా భూమి తన చేతిలోనే ఉంచుకుంటాడు. ఆ తేడా పెద్దది.

వాగుపక్కిల్లు:
అందరికీ చాలా థాంక్స్. పద్మ గారూ, మీరు చెప్పినట్టు సైటు పేజీ వెతికాను. ఉంది! మూడు పేజీలు. పొలంలో కింది భాగం, వాగు పక్కన, ఫ్లడ్ జోన్ 3 అని నీలం రంగులో ఉంది. ఓనరు 140 అని పంపితే కౌన్సిల్ వాళ్లే 85 అని రాశారు. 'అనువైనది కావచ్చు' అని ఉంది. కరపత్రంలో ఇది లేదు. ఊరు గ్రీన్ బెల్ట్‌లో కాదు. 'రెగ్యులేషన్ 18' అని ఆరు వారాల గడువు ఉంది, రెండు వారాలు అయిపోయాయి. ఇప్పుడేం రాయాలి?

ప్లానింగ్_పద్మ:
మంచి సమయంలోనే చూశారు అక్కా. రెగ్యులేషన్ 18 అంటే డ్రాఫ్ట్ దశ, ఇప్పుడు చెప్పినదానికి ప్లాన్ మారే వీలుంటుంది. తర్వాత రెగ్యులేషన్ 19లో చట్టబద్ధమా, ప్లాన్ 'సౌండ్'గా, అంటే ఆధారాలతో, అమలయ్యేలా ఉందా అనే అంశాల మీదే మాట్లాడాలి, ఆ తర్వాత ప్రభుత్వం పంపే ఇన్‌స్పెక్టర్ విచారణ. చాలామంది బుల్‌డోజర్ వచ్చాక కౌన్సిల్‌కి పరిగెత్తుతారు, అప్పటికి ఆ భూమిలో ఇళ్లు కట్టొచ్చా అనే ప్రశ్న ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది.

ఇంటి ధర తగ్గుతుంది, కిటికీ లోంచి పొలం కనబడదు, ఈ రెండూ రాయకండి, లెక్కలోకి రావు, బాధ నాకు తెలుసు. నీళ్ల గురించి రాయండి. జోన్ 3 అంటే నది పొంగి నీళ్లు వచ్చే అవకాశం ఏడాదికి నూటికి ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ. అంతకన్నా సురక్షితమైన భూమి వేరేచోట ఉందా అని కౌన్సిల్ ముందు చూసి తీరాలి, దాన్ని సీక్వెన్షియల్ టెస్ట్ అంటారు, చేశారా, కాగితం ఎక్కడుంది అని అడగండి. జనవరిలో నీళ్లు కంచె దాకా వచ్చిన ఫొటోలు తేదీలతో పెట్టండి, మ్యాప్ మోడల్‌లో ఆ చిన్న వాగు సరిగ్గా పట్టకపోయి ఉండొచ్చు. అలాంటి ఒక్క ఫొటోతో మేం గీత జరిపిన సందర్భం ఉంది. అందరూ ఒకే లెటరు కాపీ చేసి పంపకండి, అయిదు వందలు వచ్చినా ఒక పాయింటుగానే రాసుకుంటాం. ఎవరిది వాళ్లు, వాళ్లకి తెలిసింది రాయాలి.

అద్దెఇల్లు_అనిల్:
పద్మ గారూ, అందరూ ఇలా రాస్తూ పోతే ప్లానే ఆగిపోతుందేమో? అప్పుడేమవుతుంది?

ప్లానింగ్_పద్మ:
ఇది అందరూ వినాల్సిన ప్రశ్న. ప్లాన్ పాతబడి, అయిదేళ్లకి సరిపడా ఇళ్ల స్థలాలు చూపలేకపోతే, తూకం బిల్డర్ వైపు వంగుతుంది. మేం జల్లెడలో తీసేసిన పొలంలో కూడా అప్లికేషన్ పెట్టి, మేం కాదంటే అప్పీల్‌కి వెళ్లి గెలుస్తారు. అలా వచ్చిన ఎస్టేట్లు ఒకదానికొకటి దారి లేకుండా, స్కూలు ఎక్కడో, బస్సు లేకుండా వస్తాయి. నేను ఈ ఉద్యోగంలో నిజంగా బాధపడేది అప్పుడే. కాబట్టి ప్లాన్ వద్దు అని కాదు, ఈ ప్లాన్‌లో ఇది మార్చండి అని రాయండి.

కొత్తసభ్యుడు_22:
మాకు బ్రాక్‌నెల్ పక్కన. మా ఏజెంటు పిట్టల వల్ల ఇక్కడ కట్టనివ్వరు అన్నాడు. నిజమా?

ఎర్లీ_వెంకట్:
నిజమే. థేమ్స్ బేసిన్ హీత్స్ అని, నేల మీద గూడు పెట్టే పిట్టలుండే బీడు భూములు. దానికి 400 మీటర్ల లోపు కొత్త ఇళ్లు దాదాపు కుదరవు, ఇళ్లలో పిల్లులు, కుక్కలు ఉంటాయి కదా, గూళ్లకి ముప్పు. అయిదు కిలోమీటర్ల లోపైతే, జనం అటు వెళ్లకుండా నడవడానికి వేరే పచ్చటి స్థలం చూపాలి.

కొత్తసభ్యుడు_22:
మరి గ్రే బెల్ట్ అంటున్నారే, గ్రీన్ బెల్ట్ తీసేస్తున్నారా?

ప్లానింగ్_పద్మ:
తీసేయడం లేదు. గ్రీన్ బెల్ట్‌లోనే ఇదివరకే కట్టిన స్థలాలు, లేదా ఊళ్లు విచ్చలవిడిగా పాకకుండా, పట్టణాలు కలిసిపోకుండా, చారిత్రక పట్టణాల చుట్టూ ఖాళీ ఉండేలా చూడడంలో పెద్దగా పనికిరాని ముక్కలు, వాటిని 2024 డిసెంబరు నుంచి అలా పిలుస్తున్నారు. అక్కడ కడితే అఫర్డబుల్ ఇళ్లు, అంటే మార్కెట్ కన్నా తక్కువ ధరకో అద్దెకో ఇచ్చేవి, మామూలు కన్నా 15 శాతం పాయింట్లు ఎక్కువ ఇవ్వాలి, 50 శాతం దాకా. అనిల్ గారి లాంటి కుటుంబాలకి పనికొచ్చే నిబంధన, గట్టిగా అమలు చేస్తేనే.

అద్దెఇల్లు_అనిల్:
అక్కా, మీ ఊళ్లో వచ్చే 85లో అఫర్డబుల్ ఎన్ని అని కూడా మీ లెటర్లో అడుగుతారా? మీరు అడిగితే విలువ ఉంటుంది, అక్కడ ఇల్లున్నవాళ్లు కదా.

వాగుపక్కిల్లు:
తప్పకుండా అడుగుతాను అనిల్. నిన్న రాత్రి మా ఆయనా నేనూ కూర్చుని రాశాం. కింది భాగం వదిలేయమని, అక్కడ నడక దారి, చెరువు లాంటిది పెట్టమని, పైభాగంలో ఇళ్లు రానివ్వమని. ప్రైమరీ స్కూల్లో రిసెప్షన్ (మొదటి తరగతి ముందు ఏడాది) సీట్లు నిండిపోయిన సంగతి, బస్సు గంటకొకటే అన్న సంగతి రాశాం. 2024 జనవరి ఫొటోలు నాలుగు పెట్టాం, ఒకదాంట్లో మా అత్తగారు గొడుగు పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డారు, నీళ్లు ఆవిడ చెప్పుల దాకా ఉన్నాయి. మొదట్లో నాకు ఒక్క ఇల్లూ రాకూడదనే ఉంది, మీరంతా రాసింది చదివాక అలా రాయలేకపోయాను. శనివారం లైబ్రరీలో కౌన్సిల్ వాళ్లు మ్యాపులు పెట్టుకుని కూర్చుంటారట, పదకొండు నుంచి మూడు దాకా. వెళ్తున్నాను.

ఎర్లీ_వెంకట్:
శనివారం నాకు సెలవే అక్కా, మీ ఊరు ఎక్కడో మెసేజ్ పెట్టండి, వస్తాను. వాగు మ్యాప్ పెద్ద సైజులో ప్రింట్ తీసి తెస్తాను.

ప్లానింగ్_పద్మ:
అక్కడి టేబుల్ దగ్గర కూర్చునే ఆఫీసరు పేరు, చెప్పిన మాట రాసుకోండి, కానీ నోటితో చెప్పింది కామెంటు కిందకి రాదు. గడువు లోపల ఆన్‌లైన్‌లో పెట్టి, రిఫరెన్స్ నంబరు దాచుకోండి. ఆ ఫొటో మాత్రం మొదటి పేజీలోనే పెట్టండి.